ఒంటి చక్రం జాతర

ఆ మంగళవారం పొద్దున ముత్యం చేయాలనుకున్నది చాలా చిన్న పని. కోడి కూయగానే లేవాలి. ఇన్ని చాయనీళ్లు తాగి, మూడో నంబరు బొగ్గుబాయి వెనకున్న మైదానానికి మోటరుసైకిలు తీసుకెళ్లాలి. అక్కడ పిట్ట కూడా లేనప్పుడు ముందు చక్రాన్ని జానెడు ఎత్తు లేపాలి. లేపినదాన్ని మళ్లీ దించాలి. ఎనిమిది కొట్టేసరికి ఆఫీసుకు వచ్చి ఉత్తరాల డాకు సంచీ భుజాన వేసుకోవాలి. అంతే.

చిన్న పనే గానీ, ముత్యం గుండె దానికంటే చిన్నది. అతనెంత భయస్థుడంటే, హారన్ కొట్టేముందు కూడా ఎవరైనా ఉలిక్కిపడతారేమోనని చుట్టూ చూసుకునేవాడు. పిల్లి ఎదురైతే బండి ఆపి పిల్లికే దారి ఇచ్చేవాడు. నాలుగు బొగ్గుబాయిల మధ్య కంపెనీ కాగితాలు మోసే ఉద్యోగం అతనిది. కంపెనీ ఇచ్చిన ఆ నల్ల ఫట్‌ఫటీని అతను నడుపుతుంటే, పాలు పోసే ఆయన సైకిలు మీద వెనక నుంచి గంట కొట్టుకుంటూ దాటిపోయేవాడు.

అలాంటివాడు చక్రం ఎందుకు లేపాలి అంటే, అంతకంటే పెద్ద భయం ఇంకొకటి ఉంది గనుక. పెండ్లయిన కొత్తలో ఒకే ఒక్కసారి అతను బొగ్గుబాయిలోకి దిగాడు. ఇనుప పంజరం కిందికి కదలగానే కడుపులో ఉన్నది గొంతులోకి వచ్చింది. కింద ఎవరిదో దీపం ఆరిపోగానే గొంతులో ఉన్నది బయటికి వచ్చింది. ఆ తర్వాత నెలరోజులు ఇంట్లో దీపం ఆర్పనివ్వలేదు. కిరసనాయిలుకే జీతమంతా పోతోందని భార్య భూమవ్వ మొత్తుకుంటే, "చీకటికంటే అదే నయమే" అన్నాడు.

అందుకే పోయిన వారం మేనేజరు దొర పిలిచి ఆ మాట చెప్పినప్పుడు ముత్యానికి కాళ్ల కింద నేల కదిలింది.

"ముత్యం, నాగపూర్‌ల మిలిటరీ మనిషి ఒకడు ఫట్‌ఫటీ ముంగటి చక్రం లేపి, ఒంటి చక్రం మీద వచ్చి సలాం కొట్టిండు. నా కండ్లతో చూసిన. జనవరి ఇరవయ్యారు నాడు మన కంపెనీ మైదానంల నువ్వు గట్లనే కొట్టాలె."

"దొరా, నాకు రెండు చక్రాల మీదనే అంతంత మాత్రం..."

"రాకుంటే ఫికర్ లేదు. డాకు పనికి ఇంకొకన్ని చూసుకుంట. నువ్వు మూడో నంబరు బాయిల దిగు. అండ్ల మనుషులు చాలుతలేరు."

"లేపుత దొరా!" అనే మాట వినబడింది. అన్నది ఎవరా అని ముత్యమే పక్కకు చూశాడు. పక్కన ఎవరూ లేరు.

మూడో నంబరులో మనుషులు చాలకపోవడానికి కారణం ఉంది. నెల కిందట అందులో ఒక మూల కప్పు కూలింది. ఎవరికీ ఏమీ కాలేదు, దేవుడి దయ. కానీ ఆ మూలకు పోవడానికి ఎవరూ ఒప్పుకోవడం లేదు. పట్టాలు వేయడానికి కంపెనీ వాళ్లు బాయి మూతి దగ్గరున్న మైసమ్మ రాయిని పెకిలించి మైదానం ఆ చివరన పాతారనీ, అమ్మకు కోపం రాక ఏం చేస్తుందనీ ఆడవాళ్లు నల్లాల దగ్గర చెప్పుకునేవారు.

ముత్యం నేరుగా సిద్దిరాములు దగ్గరికి పోయాడు. సిద్దిరాములు మిలిటరీలో పదేండ్లు మోటరుసైకిలు మీద డాకు మోసి వచ్చి, ఇప్పుడు బజార్లో సైకిళ్లు బాగుచేసుకుంటున్న ముసలాయన. విషయమంతా విని, పానా కింద పెట్టి, మీసం తుడుచుకున్నాడు.

"చక్రం లేపుడు గొప్ప కాదురా. మేక సుత లేపుతది ముంగటి కాళ్లు. పైలంగ దించుడు గొప్ప."

"దించుడే నేర్పు మామా. లేపకుంట దించుడు ఉంటే ఇంకా మంచిది."

"నేర్పుత. కానీ నా కాడ అంతా ఖాయిదా ప్రకారం ఉండాలె. రోడ్డు మీద లేపితే నేనే నీ చెవులు తెంపుత. రోడ్డు అందరిది, పిచ్చి నీ ఒక్కనిది. మనిషి, పశువు లేని జాగ చూడు. నెత్తికి బాయి పనోళ్లు పెట్టుకునే గట్టి టోపీ తెచ్చుకో. ఠాణా కెల్లి ఇజాజత్ కాయితం తే, పోలీసోళ్లు ఒప్పుకున్నట్టు. ఇగ అన్నిటికంటే పెద్దది, నీ ఎడమ కాలు."

"నా కాలుకేమైంది మామా?"

"ఎనుక చక్రం బ్రేకు ఎడమ కాలు కిందుంటది. చక్రం మరీ పైకి లేస్తుందనుకో, అది తొక్కు. ముంగటిది దానంతటదే దిగుతది. పెండ్లాం పేరు మరిచినా సరే, ఎడమ కాలు మరువకు."

అలా అయిదు రోజులు ఇంజను కూడా స్టార్టు చేయకుండా, నిలబెట్టిన బండి మీద కూర్చోబెట్టి ఎడమ కాలు తొక్కించాడు. సిద్దిరాములు "లేచింది!" అని అరవడం, ముత్యం తొక్కడం. చివరికి నిద్రలో పక్కింటి కుక్క మొరిగినా ముత్యం ఎడమ కాలు తన్నేది. ఆ తన్నులన్నీ భూమవ్వకు తగిలేవి. చక్రం సంగతి చెబితే ఏడ్చి పుట్టింటికి పోతుందని అతను చెప్పలేదు. ఏదో గాలి సోకిందని ఆమె అనుకుంది.

ఠాణాలో కాగితాలు రాసే మున్షీ కైలాసం కలం చెవిలో పెట్టుకుని అంతా విన్నాడు.

"చక్రం లేపుతవు. మంచిది. లేపితే ఏమైతది?"

"దిగుతది సారూ."

"దిగేదాన్ని లేపుడెందుకు?"

"మేనేజరు దొర చెప్పిండు."

"ఆఁ, గట్ల చెప్పు." కైలాసం బీరువా తెరిచి, నిజాం జమానా నుంచి మిగిలిన కాగితాల కట్టలు దులిపాడు. "చెట్టు కొట్టుతందుకు ఫారం ఉన్నది. తుపాకి పెట్టుకునేతందుకు ఉన్నది. పెండ్లి బ్యాండుకు ఉన్నది. చక్రం లేపుతందుకైతే లేదు." ఇంకాస్త వెతికి ఒక పచ్చకాగితం తీశాడు. "గిది చూడు. బండ్ల జాతర ఫారం. గుడి చుట్టు ఎడ్లబండ్లు తిప్పుతరు సూడు, దానిది. బండి ఉన్నది, మైదానం ఉన్నది. ఒక్క జాతరనే లేదు. అది లేకున్నా ఫారం నిండుతది."

గళ్లు నింపడం మొదలయింది. బండ్లు ఎన్ని? ఒకటి. ఎడ్లు ఎన్ని? లేవు. దేవత పేరు?

"దేవత లేదు సారూ."

"దేవత లేకుంటే ఫారం చెల్లది."

ముత్యం చేతులు జోడించాడు. "ఇగ మైసమ్మ తల్లే నన్ను కాపాడాలె సారూ."

"మైసమ్మ," అని కైలాసం రాసుకున్నాడు. ఊరేగింపు ఎక్కడి దాకా అన్న గడి దగ్గర ఆగి, "గిది ఖాళీ ఉండనీ. తర్వాత చూసుకుందాం," అన్నాడు. అడుగున సన్న అక్షరాలు చదివి చెప్పాడు: ప్రాణహాని జరగకుండా, ముందురోజు డప్పు కొట్టి జనానికి చాటింపు వేయాలి.

ఆ మాటకు ముత్యానికి ప్రాణం లేచొచ్చింది. డప్పు కొట్టి మరీ జనాన్ని దూరంగా ఉంచుతారు! సర్కారు ఎంత మంచిదో అనుకున్నాడు.

సోమవారం ముత్యం డాకు సంచీతో చెన్నూరు పోయి ఉండగా, చాటింపు వేసే గంగయ్య డప్పుతో బాయి పనివాళ్ల కాలనీ తిరిగాడు. గంగయ్యకు చదువు రాదు. కైలాసం చెప్పినదే చెప్పాడు, ఒక్క ముక్క కూడా కల్పించలేదు.

"రేపు మంగళారం పొద్దుగాల, మూడో నంబరు బాయెనుక మైదానంల, మైసమ్మ తల్లి బండి జాతర అహో! ముత్యం బండి ముంగటి చక్రం లేస్తదహో! ఎవ్వలు దగ్గరికి రావద్దహో!"

రావద్దని డప్పు కొట్టి చెప్పిన తర్వాత ఇంట్లో కూర్చునేవాళ్లు ఆ కాలనీలోనే కాదు, భూమ్మీద ఎక్కడుంటారు?

భూమవ్వ బియ్యం చెరుగుతూ చెరుగుతూ చేట వదిలేసింది. ఉరుకుతూ పెద్దమ్మ సత్తవ్వ దగ్గరికి పోయింది. సత్తవ్వ కాలనీలో అందరికంటే పెద్దది, ఒడ్డూ పొడవూ గల మనిషి, ఏ బోనమైనా ఆమె ముందు నడవకుండా కదలదు. ఇద్దరు కొడుకులూ మూడో నంబరులోనే పని చేస్తారు.

"నాకు ఒక్క మాట చెప్పకుంట మొక్కు మొక్కిండు పెద్దమ్మా. రోజు నిద్రల ఎడమ కాలుతోని తన్నుతుండు. అమ్మ మీదికొస్తుంది గావచ్చు."

సత్తవ్వ కండ్లు తుడుచుకుంది. "నా కొడుకులు పొద్దున పోతే మళ్ల ఇంటికొచ్చేదాక నాకు ముద్ద దిగుతలేదే భూమీ. అందరి కోసం ఆడొక్కడు మొక్కిండు. నువ్వు ఏం అడుగకు. మొక్కు మొక్కినోన్ని అడిగితే మొక్కు చెడుతది."

అలా ఆమె అడగలేదు, అతను చెప్పలేదు. తెల్లారి లేచేసరికి భూమవ్వ ఇంట్లో లేదు. నీళ్లకు పోయిందనుకుని, టోపీ పెట్టుకుని, ముత్యం బండి తీశాడు.

మైదానం మలుపు తిరిగేసరికి ఎడమ కాలు దానంతట అదే బ్రేకు తొక్కింది. కాలనీ మొత్తం అక్కడే ఉంది. నెత్తి మీద బోనాలు, బోనాల మీద దీపాలు, చేతుల్లో వేపకొమ్మలు, రెండు మేకపోతులు, మురుకులమ్మే ముసలమ్మ, నాలుగు డప్పులు. ముత్యాన్ని చూడగానే అందరూ ఒక్కసారి చేతులెత్తి మొక్కారు. అంతమంది అతనికి మొక్కడం అతను ఎప్పుడూ చూడలేదు. శవానికి మొక్కినట్టనిపించింది.

సిద్దిరాములు ఒక పక్కన నెత్తి పట్టుకుని కూర్చున్నాడు. "మనిషి, పశువు లేని జాగ అన్న కదరా! గిదేందిరా?"

ముత్యం కైలాసం దగ్గరికి ఉరికాడు. "బంద్ పెట్టుర్రి సారూ, మీకు దండం పెడుత!"

"బంద్ పెట్టుడుకు వేరే ఫారం ఉంటది. అది జిల్లా కెల్లి రావాలె. పదిహేను దినాలు," అన్నాడు కైలాసం, మురుకు కొరుకుతూ.

ఇంతలో భూమవ్వ కొత్త చీర కట్టి, నెత్తిన బోనంతో వచ్చింది. మొగుడి మీద ఆమెకు అంత గౌరవం పెండ్లినాడు కూడా లేదు.

"ఏమయ్యా, ఇంత మొక్కు మొక్కి కట్టుకున్నదానికి చెప్పకపోతివి కదా!"

"నేను ఏం మొక్కలేదే! ఒట్టు!"

"మొక్కినోళ్లు గట్లనే అంటరు. నాకెరుకే."

అతను తేరుకునేలోపు ఆడవాళ్లు బండిని చుట్టుముట్టారు. బండి ముందు దీపం అద్దానికి బొట్లు పెట్టారు. వేపమండలు కట్టారు. చేతులు పట్టుకునే రెండు పిడులకూ నూనెలో కలిపిన పసుపు దట్టంగా రాశారు. "పిడులకు రాయకుర్రి! జారుతది!" అని సిద్దిరాములు అరిచాడు. డప్పుల్లో ఎవరికి వినబడుతుంది?

అప్పుడు సత్తవ్వ వచ్చింది. మైసమ్మ రాయి మైదానం ఆ చివరన ఉంది. ఎత్తుకున్న బోనాన్ని మధ్యలో నేల మీద దించకూడదు, సత్తవ్వ మోకాళ్లు అంతదూరం నడవవు. కనుక ఆమె బండి వెనక ఎక్కి కూర్చుంది, నెత్తిన బోనం, బోనం మీద వెలుగుతున్న దీపంతో సహా.

"ఇద్దరెక్కొద్దు! ఎనుక బరువైతే ముంగల తేలికైతది!" అని సిద్దిరాములు అడ్డం వచ్చాడు.

"నేను బరువారా? మీ అవ్వకంటే తేలికనే ఉన్న. నడు కొడుకా!"

ముత్యం మనసులో ఒక లెక్క వేసుకున్నాడు. చక్రం లేపనే లేపొద్దు. చీమ నడిచినట్టు మెల్లగా పోయి, ముసలమ్మను దించి, అటునుంచి అటే ఆఫీసుకు పారిపోవాలి. ఎడమ చేత్తో క్లచ్చి పట్టి గేరు వేశాడు. కుడి చెయ్యి భయంతో వేగం పెంచే పిడిని మెలిపెట్టి బిగించింది. ఎంత భయమైతే అంత బిగించింది, ఎంత బిగిస్తే అంత ఇంజను ఉరిమింది. పసుపూ నూనే రాసిన ఎడమ పిడి మీద వేళ్లు సర్రున జారాయి. క్లచ్చి ఒక్కసారే వదిలిపోయింది.

బండి ముందు చక్రం లేచింది.

జానెడు కాదు. ముత్యానికి ముందు నేల పోయింది, తర్వాత జనం పోయారు, తర్వాత బొగ్గుబాయి మీది పెద్ద చక్రం కూడా పోయింది, కండ్ల ముందు ఒట్టి ఆకాశం మిగిలింది, బండి మాత్రం ఒంటి చక్రం మీదనే మైసమ్మ రాయి వైపు ఉరికింది. వెనక నుంచి సత్తవ్వ చేయి నడుము చుట్టూ ఇనుప పట్టీలా బిగిసింది. "లే తల్లీ! లే!" అని ఆమె, "వద్దు! వద్దు!" అని అతను. తనకు తెలిసిన దేవుళ్లందరి పేర్లూ అతనికి ఒక్కసారే గుర్తొచ్చాయి, భూమవ్వ పేరు నిజంగానే గుర్తు రాలేదు.

"కాలు! ఎడమ కాలురా!" సిద్దిరాములు అరుపు డప్పులను చీల్చుకుని వచ్చింది.

తల మరిచింది గానీ కాలు మరవలేదు. అయిదు రోజులు తన్నిన కాలు, భూమవ్వను ఎలా తన్నిందో అలాగే బ్రేకును తన్నింది. ముందు చక్రం ఆలోచించుకున్నట్టు గాలిలో ఒక్క క్షణం ఆగి, మెత్తగా దిగింది. బండి సరిగ్గా మైసమ్మ రాయి ముందు ఆగింది. సత్తవ్వ నెత్తి మీద బోనం కదలలేదు. దీపం కూడా ఆరలేదు.

మైదానమంతా పిడుగు పడ్డట్టు కేక.

ముత్యం బండి మీద నుంచి దిగలేకపోయాడు. పండ్లు టకటకా కొట్టుకుంటున్నాయి, తల ఊగుతోంది, కండ్లు పైకి పోయాయి, ఒళ్లంతా జల్లెడలా వణుకుతోంది. పూనకం వచ్చినవాళ్లు ఎలా ఉంటారో ఆ కాలనీలో అందరికీ తెలుసు. సరిగ్గా అలాగే ఉంటారు.

"అమ్మ లేచింది!" అంది సత్తవ్వ. "నా ముంగటనే కూసున్నది! నీళ్లు పోయుర్రి!"

రెండు బిందెల వేపనీళ్లు ముత్యం మీద పడ్డాయి. జనవరి చలికి వణుకు రెండింతలయింది. నమ్మకం నాలుగింతలయింది.

"తల్లీ, నీ రాయిని పెకిలించి తప్పు చేసినం," అని సత్తవ్వ మొక్కింది. "ఈ బోనం బాయి అడుగున కూలిన కాడ పెడతం. ఎవల మీద నువ్వు లేచినవో ఆడే మోసుక పోవాలె, అది మన రివాజు. బాయిల దిగుతవా తల్లీ?"

"దిగ!" అన్నాడు ముత్యం. "నేను బాయిల దిగ! చచ్చినా దిగ!"

సత్తవ్వ జనం వైపు తిరిగి తృప్తిగా తలాడించింది. "చూసిన్రా, అమ్మే. మొదట అడిగితే ఏ అమ్మయినా వద్దనే అంటది. మూడుసార్లు అడగాలె. దిగుతవా తల్లీ?"

"భూమీ, నువ్వన్న చెప్పవే వీళ్లకు!"

భూమవ్వ కండ్ల నీళ్లతో అతని కాళ్లకు మొక్కింది. "దిగు తల్లీ. నీ పుణ్యముంటది."

"మూడోసారి అడుగుతున్న. దిగుతవా?"

ముత్యానికి గొంతు పోయింది. నోరు తెరిచాడు, గాలి తప్ప ఏమీ రాలేదు. అమ్మ ఒప్పుకుంది.

అప్పుడే జీపు వచ్చి ఆగింది. మేనేజరు దొరను చూడగానే ముత్యానికి చివరి ఆశ పుట్టింది. లేపమన్న చక్రం లేపాడు, ముసలమ్మను ఎక్కించుకుని మరీ లేపాడు. మాట మీద నిలబడే దొర అయితే ఇక బాయి మాట ఎత్తకూడదు.

"దొరా, మీరు చూసిన్రు కదా! లేపిన కదా!" అన్నాడు గొంతు పెగల్చుకుని.

"దూరంకెల్లే చూసిన ముత్యం. నాగపూర్ వాడు నీ ముందు ఎందుకు పనికొస్తడు?" అంటూ దొర జనాన్ని చూశాడు. నెలరోజులుగా ఆ మూలకు పోమని మొండికేసిన మనుషులంతా చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. "ముత్యం బోనం తీసుకుని దిగితే మీరు దిగుతరా?"

"అమ్మ ముంగల పోతే మాకేం భయం దొరా!" అన్నారు అందరూ.

"అయితే ఇరవయ్యారు నాటి సలాం మాఫ్. డాకు పని నీదే ఉంటది. వారానికొకసారి, మంగళారం మంగళారం, బోనంతోని ముందు నువ్వు దిగు."

"కాయితం లేదు దొరా!" ముత్యం కేక వేశాడు. "ఖాయిదా ప్రకారం కాయితం ఉండాలె! కైలాసం సారూ, చెప్పుర్రి!"

కైలాసం పచ్చకాగితం తీసి, ఊరేగింపు ఎక్కడి దాకా అన్న ఖాళీ గడి చూశాడు. చెవిలో కలం తీసి, "బాయి అడుగు దాకా" అని నింపి, సంతకం పెట్టాడు. "ఇప్పుడు ఫారం పూర్తయింది," అన్నాడు.

బాయి మూతి దగ్గర కాపలా మనిషి అందరినీ ఒకసారి ఎగాదిగా చూశాడు. నెత్తికి గట్టి టోపీ లేనివాళ్లను దిగనివ్వకూడదు, అదొక్కటే అక్కడి రూలు. దేవతయినా సరే. ముత్యం నెత్తి మీద టోపీ ఉంది. సిద్దిరాములు దగ్గరుండి కట్టించిన టోపీ, గదవ కింద పట్టీతో సహా.

ఇనుప పంజరం తలుపు మూసుకుంది. చేతుల్లో బోనం, బోనం మీద దీపం, చుట్టూ సత్తవ్వ కొడుకులు, మిగతా పనివాళ్లు. అందరూ ధైర్యంగా ఉన్నారు, అమ్మ ఒక్కతే వణుకుతోంది. పంజరం కిందికి కదిలింది. కడుపులో ఉన్నది గొంతులోకి వచ్చింది. ముత్యం దీపం మీద నుంచి చూపు తిప్పలేదు. అడుగు తగిలేదాకా అతని ఎడమ కాలు ఆ ఇనుప నేల మీద బ్రేకు కోసం తొక్కుతూనే ఉంది.

ఆ తర్వాత ప్రతి సోమవారం సాయంత్రం ముత్యం టోపీ కనబడకుండా పోయేది. ప్రతి మంగళవారం పొద్దున భూమవ్వ వెతికి, బొట్టు పెట్టి, తెచ్చి ఇచ్చేది.